వన్ టౌన్ పాత ఇళ్లు: పలుగు పడకముందే జరిగిపోయేది

విజయవాడ వన్ టౌన్‌లో పాత ఇల్లు పడగొడుతుంటే అందరి కళ్లూ పొక్లెయిన్ మీదే ఉంటాయి. దుమ్ము లేస్తుంది, టేకు దూలాలు ఒక్కొక్కటే కిందికి దిగుతాయి, ఎవరో ఒకరు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. దాని కింద రెండు రకాల మాటలు వస్తాయి. ఈ బిల్డర్లకు ఎంత కట్టినా ఆశ తీరదా అని ఒకరంటారు. ఎప్పుడు ఎవరి నెత్తిన పడుతుందో అన్న టెన్షన్ వదిలింది, మంచిదే అయిందని ఇంకొకరంటారు. రెండూ ఆఖరి రోజు గురించిన మాటలే. అప్పటికి ఆ కొంపలో సంసారం ఆగిపోయి చాలా ఏళ్లే అయి ఉంటుంది. మొదట ముందు గది అద్దెకిచ్చారు, అందులో కొట్టు వెలిసింది. తర్వాత హాల్లో సరుకు పెట్టుకుంటామంటే సరేనన్నారు. పెద్దవాళ్లు పోయాక వంటింట్లోకి కూడా అట్టపెట్టెలు చేరాయి. పొయ్యి వెలగని ఇంట్లో కప్పు కారితే పట్టించుకునేదెవరు?

పాత ఇళ్లను నిలుపుకోవాలా, వ్యాపారానికి వదిలేయాలా అన్న చర్చ ఎప్పుడొచ్చినా గోడలు, స్తంభాలు, చెక్కడాల దగ్గరే తిరుగుతుంది. ఇంటి వాడకం ఎప్పుడు మారింది, ఎందుకు మారిందన్న ప్రశ్న పక్కకు పోతుంది. అసలు కథ అక్కడే ఉంది.

వన్ టౌన్ భూగోళం ముందు గుర్తు పెట్టుకోవాలి. ఒక పక్క ఇంద్రకీలాద్రి, ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క రైలు పట్టాలు. ఈ మూడింటి మధ్య ఇరుక్కున్న ఊరు అది. 1850ల్లో కృష్ణకు ఆనకట్ట కట్టారు, కాలువలు తవ్వారు. 1888లో బెజవాడ మునిసిపాలిటీ అయింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే నది మీద రైలు వంతెన లేచింది. కాలువ మీద పడవల్లో వచ్చే ధాన్యం, రైల్లో వచ్చే సరుకు కలిసేది ఇక్కడే కాబట్టి వర్తకులు చేరారు. మెయిన్ బజారు, సామారంగం చౌక్, శివాలయం వీధి, ఇస్లాంపేట, బ్రాహ్మణ వీధి, కొత్తపేట చుట్టూ లేచిన ఇళ్లలో చాలావాటికి ముందు కొట్టు, వెనక కాపురం. సన్నటి ముఖం, లోపలికి పోయేకొద్దీ పొడుగు. మధ్యలో వెలుతురు కోసం మండువా, వెనక బావి.

కాబట్టి వ్యాపారం వచ్చి ప్రశాంతమైన ఇళ్లను మింగేసిందన్న మాట ఇక్కడ కుదరదు. ఆ ఇళ్లను కట్టించిందే వ్యాపారం. మారిందల్లా ఒకటే. అప్పట్లో కొట్టు మూశాక యజమాని వెనక గదిలోకే వెళ్లి పడుకునేవాడు. ఇప్పుడు షట్టరు దించి స్కూటరెక్కి పటమటకో, కానూరుకో వెళ్లిపోతాడు. కప్పు కారితే తన పరుపు తడవదు, సరుకు తడుస్తుంది. సరుకు మీద టార్పాలిన్ కప్పితే ఆ రోజుకి పని అయిపోతుంది.

మద్రాసు టెర్రస్ ఎలా చస్తుంది

ఆ టార్పాలిన్ దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే "పాతదైపోయింది, కూలిపోతుంది" అనే మాట వెనక చాలాసార్లు ఉండేది కట్టడం తప్పు కాదు, తర్వాత చేసిన రిపేరు తప్పు.

గత శతాబ్దం మొదట్లో కలిగినవాళ్లు కట్టుకున్న మిద్దెల్లో చాలావాటికి పైకప్పు మద్రాసు టెర్రస్. అడుగున్నర ఎడంలో టేకు దూలాలు పరిచి, వాటి మీద అంగుళం మందం ఉండే పలచటి ఇటుకల్ని పడుకోబెట్టకుండా నిలబెట్టి, ఐమూలగా, గానుగ సున్నంతో కూర్చేవారు. దాని మీద ఇటుక ముక్కలు కలిపిన సున్నపు కాంక్రీటు పోసి, బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ చల్లుతూ కూలీలు చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టేవారు. ఆ దెబ్బలకి సున్నం గట్టిపడి నీళ్లు దిగనిచ్చేది కాదు. ఇనుము లేదు కాబట్టి తుప్పు సమస్య లేదు. బలహీనత ఒక్కచోటే ఉంది: దూలం కొస గోడలోకి దిగిన చోట. అక్కడ తడి చేరి ఆరకపోతే కొయ్య పుచ్చుతుంది.

సున్నపు గోడ తడిని పీల్చి, మళ్లీ గాలికి వదిలేస్తుంది. అలాంటి గోడకు ఎవరో సలహా ఇచ్చారని సిమెంటు పూత పూస్తే తడి లోపలే చిక్కుకుంటుంది. కప్పు కారుతోందని పైన రెండంగుళాల సిమెంటు కాంక్రీటు వేస్తారు. కారడం కొన్నాళ్లు ఆగుతుంది, బరువు మాత్రం ఉండిపోతుంది. కింద దూలాల కొసలు మెత్తబడుతుంటాయి. ఎనభై తొంభై ఏళ్లు నిలబడ్డ కప్పు ఈ వైద్యం తర్వాత ఎన్నో ఏళ్లు నిలవదు.

రోడ్డు కూడా ఇంటికి శత్రువే. పాత పొర తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు వేయడం మన దగ్గర అలవాటు. వేసిన ప్రతిసారీ రోడ్డు నాలుగైదు అంగుళాలు లేస్తుంది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి అరుగు మీదకు చేరాల్సిన ఇల్లు, ఇప్పుడు రోడ్డు మీంచి ఒక మెట్టు కిందికి దిగాల్సిన ఇల్లయింది. వానొస్తే కాలవ నీళ్లు గడప దాటి వస్తాయి. గోడ అడుగున ఉప్పు పేరి పెళ్లలు రాలుతుంటాయి. ఇంజినీరు వచ్చి చూసి "శిథిలం" అని రాస్తాడు. ఆ శిథిలంలో కార్పొరేషన్ రోడ్ల కాంట్రాక్టుల వాటా ఎంతో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు. మొగల్రాజపురంలో సున్నపు బట్టీల సెంటర్ అన్న పేరు మిగిలింది గానీ, గానుగ సున్నం కావాలంటే ఊళ్లో దొరికే సరుకు కాదు. పడగొట్టే పని తెలిసినవాళ్లకు మాత్రం కొదవ లేదు. ఆ కాంట్రాక్టు తీసుకునేవాడు ముందు వచ్చి ఇటుకలు చూడడు, తలెత్తి దూలాలు చూస్తాడు. గోరుతో గీకి, వేలితో తట్టి, బర్మా టేకో కాదో తేల్చుకుంటాడు. కలప బాగుంటే కూల్చినందుకు డబ్బు తీసుకోకపోగా తనే ఎదురు డబ్బిస్తాడు. ద్వారబంధాలు, చెక్క స్తంభాలు, ఇత్తడి బొడిపెల తలుపులు పాత కలప కొట్లకు చేరి, అక్కడి నుంచి ఏ రిసార్టుకో, హైదరాబాద్ శివార్ల ఫామ్‌హౌస్‌కో అలంకారంగా వెళ్తాయి. ఇల్లు మొత్తానికి నిలబడి ఉన్నప్పుడు రాని ధర, ముక్కలుగా అమ్మితే వస్తుంది.

నిలబెట్టడమే దండగ అనిపించే లెక్క

యజమానుల్ని తిట్టడం తేలిక. వాళ్ల ముందున్న లెక్క చూస్తే తిట్టబుద్ధి కాదు.

మొదట వాటాలు. తాత కట్టిన ఇంటికి మూడో తరంలో ఎనిమిది మందో, పది మందో హక్కుదారులుంటారు. ఒకరు హైదరాబాద్, ఇద్దరు అమెరికా, ఇంకొకరు ఆ ఇంటి వెనక భాగంలోనే. మన రాష్ట్రంలో 1985 నుంచే ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన హక్కు వచ్చింది, 2005లో దేశమంతా వచ్చింది. అది న్యాయమే. కానీ గోడల్ని పది వాటాలు చేయలేం, డబ్బునయితే చేయొచ్చు. అందుకే పెద్దమనుషుల దగ్గర పంచాయితీ జరిగితే చివరికి తేలేది "డెవలప్‌మెంట్‌కి ఇచ్చేద్దాం" అనే. బిల్డర్ సగం సగం అంటాడు, కొంత అడ్వాన్స్ చేతిలో పెడతాడు, జీపీఏతో (యజమానుల తరఫున సంతకాలు పెట్టే అధికారపత్రం) సహా అగ్రిమెంట్ రిజిస్టర్ అవుతుంది. వెనక భాగంలో ఉంటున్న ఆ ఒక్కరి మాట పదింట ఒకటిగానే లెక్కకొస్తుంది.

రెండోది అద్దెలు. పాత అద్దెదార్లు దశాబ్దాల కిందటి అద్దె మీదే కొట్టు నడుపుతుంటారు, ఖాళీ చేయరు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం చాలాకాలం వాళ్లకు రక్షగా ఉండేది. అదే చట్టంలో రిపేరుకో, తిరిగి కట్టుకోవడానికో ఖాళీ చేయించే దారి కూడా ఉండేది. దీనివల్ల తమాషా పరిస్థితి తయారైంది. ఇల్లు బాగుంటే అద్దెదారు కదలడు, పాడైతే కదిలించొచ్చు. వానాకాలం ముందు కార్పొరేషన్ ఇచ్చే శిథిల భవనాల నోటీసు కొందరికి భయం, కొందరికి వరం.

మూడోది పన్ను. దీని మీద రావలసినంత చర్చ రాలేదు. 2021 వరకు మన మునిసిపాలిటీల్లో ఇంటి పన్ను ఆ ఇంటికి ఎంత అద్దె వస్తుందన్న అంచనా మీద పడేది. పాత ఇల్లయితే వయసును బట్టి తగ్గింపు కూడా ఉండేది. 2021-22 నుంచి ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేయడం మొదలైంది. అంటే స్థలం విలువ, కట్టడం విలువ కలిపి. ఒకేసారి మోత మోగకుండా ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని పరిమితి పెట్టారు. ఏటా 15 శాతం చొప్పున పెరిగేది ఐదేళ్లలో రెట్టింపవుతుంది, అది వేరే సంగతి. ఊరి చివర కాలనీలో ఈ పద్ధతికి అర్థం ఉంది. వన్ టౌన్ నడిబొడ్డున, గజం ధర చూసి కళ్లు తిరిగే వీధిలో, పెంకుటింట్లో ఉండే పింఛనుదారుకు మాత్రం అది వేరేగా వినిపిస్తుంది: "నువ్వు ఈ స్థలాన్ని వాడుకోవలసినంత వాడుకోవడం లేదు". ఇంటి వల్ల ఒక్క రూపాయి రాకపోయినా, ఆ స్థలంలో ఏం కట్టొచ్చో దాని ధరకు పన్ను కట్టాలి. ముందు గది కొట్టుకిస్తే తప్ప ఆ పన్నుకు డబ్బు లేదు. ఇచ్చాక ఆ గదికి వాణిజ్య రేటు. దాంతో రెండో గది.

బ్యాంకుల తీరూ ఇటువైపే తోస్తుంది. కొత్తగా కడతానంటే లోను ఇస్తారు. నిండా ముసలిదైన మిద్దెకు కప్పు బాగుచేయిస్తానంటే, కట్టడానికి ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షుందని అడుగుతారు. బాగుచేస్తే ఆయుష్షు పెరుగుతుందన్న సంగతికి ఆ ఫారంలో గడి లేదు.

ఇక కట్టుబడి నిబంధనలు. ఉదాహరణకి 20 అడుగుల ముఖం, 90 అడుగుల లోతు ఉన్న స్థలం తీసుకుందాం. సరిగ్గా 200 గజాలు. పాత ఇల్లు రెండు పక్కలా ఉమ్మడి గోడల మీద నిలబడి 20 అడుగులూ వాడుకుంది. కూల్చి కట్టాలంటే రెండు వైపులా మీటరు చొప్పున వదిలితే మిగిలేది 13 అడుగుల పైచిలుకు. ముందు రోడ్డు విస్తరణకు కొంత పోతుంది. ఇంక ఆ కుటుంబం తన కోసం చిన్న ఇల్లు తిరిగి కట్టుకోవడం అసాధ్యమనే చెప్పాలి. పక్క స్థలం, ఆ పక్క స్థలం కలిపితేనే గిట్టుబాటు. కలపగలిగేది బిల్డరే. ఖాళీ జాగా లేక గాలి ఆడని ఊళ్ల కోసం రాసిన నిబంధన, మండువా ద్వారా గాలి తెచ్చుకున్న ఇళ్ల మీద పడి, వీధిని చిన్న యజమానుల చేతుల్లోంచి పెద్దవాళ్ల చేతుల్లోకి మార్చేసింది.

అలా లేచిన కొత్త కట్టడాలైనా నిబంధనల ప్రకారం ఉంటాయా? ప్లాన్‌లో పార్కింగ్ అని చూపిన కింది అంతస్తు రెండేళ్లలో షట్టర్లు తొడుక్కుంటుంది. ప్రభుత్వాలు 2007 చివర్లో, 2015లో, 2019లో బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్) పెట్టి అనుమతికి మించి కట్టినవాటిని అపరాధ రుసుముతో క్రమబద్ధీకరించాయి. అనుమతి మించి కట్టినవాడికి పలుమార్లు పథకం వచ్చింది. ఉన్నదాన్ని పడిపోకుండా నిలబెట్టినవాడికి అలాంటి పథకం కనిపించదు. ఈ అన్యాయం గురించి వన్ టౌన్‌లో ఎవరినడిగినా చేదుగా నవ్వుతారు.

గోడౌను కిందకు ఎలా వచ్చింది

టోకు వ్యాపారాన్ని వన్ టౌన్ నుంచి బయటకు పంపే ప్రయత్నం లేకపోలేదు. అరవైల్లో లారీ షెడ్లు, బాడీ బిల్డింగ్ పనులు పటమట వైపు ఆటోనగర్‌కు వెళ్లాయి. తర్వాత గొల్లపూడిలో హోల్‌సేల్ కాంప్లెక్స్ కట్టి కిరాణా టోకు వర్తకుల్ని అటు తరలించారు. లారీలు ఊళ్లోకి రావడం తగ్గింది, అది ఒప్పుకోవాలి. అయితే బట్టల టోకు మాత్రం ఇక్కడే పాతుకుపోయింది. వస్త్రలత, కృష్ణవేణి మార్కెట్లలో కొట్టు ఉన్న వర్తకుడికి సరుకు నిలవ పెట్టడానికి నడిచి వెళ్లేంత దూరంలో చోటు కావాలి. పది నిమిషాల్లో ముఠా కార్మికుడు బట్టల బేలు తెచ్చి పడేసే దూరమన్నమాట. ఆ చోటు పాత ఇళ్లే. చుట్టుపక్కల వీధుల్లో ఇంటి అద్దె కంటే గోడౌను అద్దె ఎక్కువ వస్తుంది. అద్దెదారు నీళ్లు రాలేదని గొడవ చేయడు, బాత్‌రూమ్ టైల్స్ అడగడు, రాత్రి పూట ఉండడు.

దీనివల్ల పోయేది ఒక అందమైన ముఖద్వారం మాత్రమే అయితే ఇంత బాధపడక్కర్లేదు. పోయేది చౌక అద్దె. కొట్టు గుమాస్తా, టైలరు, గుళ్లో వంటమనిషి, బంగారపు పనివాడు, కాళేశ్వరరావు మార్కెట్లో కూరలమ్మే ఆవిడ, వీళ్లంతా పని దగ్గరే ఉండగలిగింది ఆ పాత ఇళ్ల మేడ గదుల్లో, వెనక వాటాల్లో. అక్కడ బేళ్లు చేరితే వాళ్లు చిట్టినగర్ కొండల మీదకో, సింగ్‌నగర్ వైపో జరగాలి. కొండ మీది ఇళ్ల సంగతి, 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడినప్పుడు ఊరంతా చూసింది. బుడమేరు వాగు వైపు సంగతి ఆ మర్నాడే తెలిసింది. సింగ్‌నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నగరం మధ్యలో గదులు ఖాళీ అవుతుంటే కాపురాలు కొండకీ వాగుకీ తరలడం, ఒకదానితో ఒకటి సంబంధం లేని విషయాలేమీ కావు.

బేళ్లతో నిండిన కొయ్య కప్పు ఇంటికి నిప్పంటుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా. ఆ సందుల్లోకి ఫైరింజన్ తిరగదు. మేడ మీద ఇంకా ఒక కుటుంబం ఉంటే అసలు ప్రమాదం అది.

పాత ఇంటి మీద ప్రేమతో రాసేవాళ్లు ఒక మాట దాటేస్తుంటారు. ఆ ఇళ్లలో ఉండటం అందరికీ సుఖం కాదు. మరుగుదొడ్డి పెరట్లో, చీకటి వంటిల్లు, నిటారు మెట్లు. మండువాలో ముగ్గు అందంగానే ఉండేది, ఆ మండువా కడిగిన కోడళ్లను అడిగితే ఇంకో సంగతి చెబుతారు. వీధుల పేర్లే చెబుతున్నట్టు ఎవరు ఎక్కడుండాలో కులమే నిర్ణయించిన ఊరు అది. ఫ్లాటులోకి మారి ఊపిరి పీల్చుకున్నవాళ్లను నోస్టాల్జియా పేరుతో తప్పు పట్టడం బాగుండదు. అదీకాక నగరం జనంతో పెరుగుతోంది, 2014 చివర్లో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ ఏర్పడి అమరావతి పని మొదలయ్యాక ఇంకా పెరిగింది. మధ్యలో ఎత్తుగా పెరగనివ్వకపోతే పొలాల్లోకి, వాగు గర్భంలోకి పెరుగుతుంది. కాబట్టి ప్రతి పెంకుటింటినీ నిలపాలనడం మొండితనం. నాలుగు కుటుంబాలున్న చోట పన్నెండు కుటుంబాలు వచ్చే కట్టడమైతే అభ్యంతరం ఎందుకు? వన్ టౌన్‌లో జరుగుతున్నది చాలావరకు అది కాదు. నాలుగు కుటుంబాలుండే చోట మూడంతస్తుల షోరూము, పైన గోడౌను వస్తున్నాయి. జనం తగ్గుతున్నారు, కాంక్రీటు పెరుగుతోంది.

గుంటూరులో ఇదే కథ ఇంకో వేషంలో

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో గోడౌను పాత్ర ఆస్పత్రిది, కోచింగ్ హాస్టల్‌ది. ఇవి బ్రిటిష్ అధికారుల పేర్లతో వెలిసిన పేటలు, గళ్ల నుడికట్టులా నిలువు లైన్లు, అడ్డరోడ్లు. అడ్రసు చెప్పాలంటే "నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు" అంటే చాలు, "ఫోర్ బై ఫోర్టీన్" అని కూడా అంటారు. ప్రహరీ, కొబ్బరి చెట్లు, వరండా ఉన్న లాయర్ల ఇళ్లు, ప్లీడరు గుమాస్తాల ఇళ్లు. వీటి స్థలం వెడల్పు కాబట్టి నర్సింగ్ హోమ్‌కు సరిగ్గా సరిపోయింది. మొదట వరండాలో డాక్టరు గది, తర్వాత ముందు హాల్లో ల్యాబు, పెరట్లో షెడ్డు వేసి మందుల షాపు. ఇక్కడ ఇంటివాళ్లు చాలాచోట్ల తామే డాక్టర్లు, ఇంటిని తామే మార్చుకున్నారు. పోయింది ఇంటి కంటే ముందు కొబ్బరి చెట్టు, పార్కింగ్ కోసం.

ఒక తేడా మాత్రం ఉంది. బ్రాడీపేటలో లైన్లు వెడల్పు, కాలువలు, కరెంటు, నీళ్లు ఎక్కువ జనాన్ని మోయగలవు. అక్కడ కొత్త కట్టడాలను ఆపే కంటే పార్కింగ్ గట్టిగా అడగడం మేలు. వన్ టౌన్ సందులకు ఆ వెసులుబాటు లేదు. రెండు ఊళ్లకీ ఒకే నియమావళి అంటే ఒకే సైజు చెప్పులు అందరికీ ఇవ్వడం.

జాబితాలు, బాండ్లు

వారసత్వ కట్టడాల జాబితా అన్నది వెంటనే తోచే మందు. హైదరాబాద్ అనుభవం చూస్తే దాని మీద ఆశ తగ్గుతుంది. అక్కడ 1995లో జోనింగ్ నియమాల్లోని నిబంధన 13 కింద కట్టడాలను జాబితాలో పెట్టారు. యజమానికి మాత్రం "ముట్టుకోవద్దు" అన్న మాట తప్ప ఇంకేమీ దక్కలేదు. ఇళ్లు చూస్తుండగానే పాడయ్యాయి, కొన్ని రాత్రికి రాత్రి పడ్డాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం ఆ నిబంధననే తీసేసింది. బెజవాడలో కూడా నిషేధం ఒక్కటే ఉన్న చోట ఏమవుతుందో చూడొచ్చు. అక్కన్న మాదన్న గుహలు, మొగల్రాజపురం గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. పురావస్తు కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం 100 మీటర్ల లోపు కొత్త కట్టుబడి కుదరదు, రిపేరుకు కూడా అనుమతి తెచ్చుకోవాలి. గుహలకు రక్షణ దొరికింది, చుట్టుపక్కల మామూలు ఇళ్లవాళ్లకు కాగితాల తిప్పలు దొరికాయి.

జాబితాలు ప్రభుత్వ భవనాలకు బాగానే పనిచేస్తాయి. 1887లో కట్టిన విక్టోరియా జూబిలీ భవనం, ఇప్పటి బాపూ మ్యూజియం, బాగుచేసుకుని నిలబడింది. దానికి పదిమంది వారసులు లేరు, పన్ను బెడద లేదు.

అహ్మదాబాద్ ఇంకో దారి చూపింది. 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ నగరమైన ఆ పాత ఊళ్లో, ఇల్లు నిలుపుకున్న యజమాని తను కట్టకుండా వదులుకున్న అంతస్తుల హక్కును టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) రూపంలో ఇంకో చోటి బిల్డర్‌కు అమ్ముకోవచ్చు, ఆ డబ్బుతో ఇల్లు బాగుచేయించుకోవచ్చు. అక్కడా ఇళ్లు గోడౌన్లుగా మారే బెడద ఉంది, టీడీఆర్ దాన్ని పూర్తిగా ఆపలేదు. కనీసం యజమాని చేతిలో కొంత సొమ్ము పడింది. మన దగ్గర టీడీఆర్ బాండ్లంటే రోడ్డు విస్తరణలో స్థలం పోయినవాళ్లకు ఇచ్చే కాగితాలుగానే జనానికి తెలుసు. తణుకులో వాటి జారీ మీద వచ్చిన ఆరోపణలతో ఆ పేరు వింటేనే అనుమానంగా చూస్తున్నారు. నమ్మకం లేని బాండు కొనేవాడుండడు, కొనేవాడు లేకపోతే నిలుపుకున్నవాడికి దక్కేదేమీ ఉండదు.

అన్నిటికంటే చవకైన పని వేరే ఉంది. ఇల్లు గోడౌనుగా మారుతోందని మొదట తెలిసేది కరెంటు ఆఫీసుకు. కేటగిరీ 1 గృహ మీటరు కేటగిరీ 2 వాణిజ్యానికి మారుతుంది. ట్రేడ్ లైసెన్సు కాగితం కార్పొరేషన్లో పడుతుంది, పన్ను విభాగంలో వాడకం నివాసేతరం అని తిద్దుతారు. మూడు రిజిస్టర్లూ ఇప్పటికే ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసినవాళ్లు లేరు. వన్ టౌన్‌లో వీధివారీగా తీస్తే ఏ వీధిలో కాపురాలు సగానికి పడిపోతున్నాయో అయిదారేళ్లు ముందే కనిపిస్తుంది. అక్కడ రెండు పనులు చేయొచ్చు. యజమానో, అద్దెదారో నిజంగా కాపురం ఉంటున్న పాత ఇంటికి, స్థలం విలువ మీద కాక పాత పద్ధతిలో అద్దె అంచనా మీద పన్ను వేయాలి. కింద కొట్టున్నా సరే, పైన కాపురం ఉంటే ఇదే వర్తించాలి. సరుకు నిలవ మాత్రమే ఉన్నదానికి పూర్తి వాణిజ్య రేటు, ఫైర్ అనుమతి అడగాలి. పాత పునాది మీద, పాత ఎత్తులోనే తిరిగి కట్టుకునే కుటుంబానికి పక్కల మీటరు నిబంధన సడలించాలి. కార్పొరేషన్‌కు వచ్చే నష్టం గోడౌన్ల మీద సరిగ్గా వేసిన పన్నుతోనే చాలావరకు పూడుతుంది.

వర్తకులు దీన్ని ఊరికే ఒప్పుకోరు. బేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పమంటారు, అది న్యాయమైన ప్రశ్నే. గొల్లపూడికి కిరాణా వెళ్లినట్టు బట్టల నిలవ కూడా వెళ్లాలంటే, కొట్టు నుంచి గోడౌనుకు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి సరుకు తిప్పే ఖర్చు ఎవరు భరిస్తారు, ఆ మధ్యలో ముఠా కార్మికుల కూలీ ఏమవుతుంది అన్నది ముందు తేల్చాలి. కిందటిసారి తరలింపులో ఆ మాట చివర్లో వచ్చింది. ఈసారి ముఠా సంఘాలు, వర్తకుల చాంబరు, వార్డు జనం ఒకే బల్ల చుట్టూ కూర్చుని అక్కడి నుంచే మొదలుపెట్టాలి.